రహీమాబీ నల్ల నవ్వు

బల్మూరు పక్కన ఒక మెట్ట పల్లె ఉండేది. ఆ ఊరివాళ్లు సంతలో నోరు తెరిస్తే చాలు, ఫలానా ఊరివాళ్లని తెలిసిపోయేది. బావి నీళ్లు చూడటానికి తేటగా ఉండేవి, తాగితే తియ్యగానే ఉండేవి. కానీ పిల్లలకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేటప్పుడే వాటిమీద తుప్పురంగు చారలు వచ్చేవి. ఊళ్లో ఉన్నంతకాలం అదొక లోపమని ఎవరికీ తోచలేదు. అందరి నోరూ అదే అయినప్పుడు ఎవరు ఎవరిని వెక్కిరిస్తారు?

రహీమాబీకి ఆ సంగతి పదకొండేళ్లప్పుడు తెలిసింది. తండ్రి ఇమామ్ సాహెబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఒకసారి పనిమీద కల్వకుర్తి పోతూ బిడ్డను వెంటబెట్టుకుపోయాడు. పరుపులు కుట్టించుకునే ఇంటి ఆడవాళ్లు ఏదో మాటకు నవ్వుకుంటుంటే తనూ నవ్వింది. వాళ్లలో ఒకామె మొహం పక్కకు తిప్పుకుని, ఈ పిల్ల ఎన్నడూ పళ్లు తోమదా అని అడిగింది. అంతే, ఆనాటినుంచి రహీమాబీ నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. తల్లికి అది బాగానే ఉంది. నవ్వు నాలుగు విధాల చేటు అని ఆమె రోజూ చెప్పేదే. ఆ నాలుగు విధాలూ ఏమిటో విడమరిచి చెప్పిన మనిషి మాత్రం ఇంతవరకూ నాకు కనబడలేదు.

పోనీ నవ్వడం మానేద్దామా అంటే అది ఆ పిల్లకు చేతకాలేదు. మేకపిల్ల తుమ్మినా ఆమెకు నవ్వొచ్చేది. అందుకని నవ్వును వదిలి పళ్లమీద పడింది. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు, ఉత్తరేణి వేరు, ఏదీ వదల్లేదు. చిగుళ్లనుంచి నెత్తురు కారిందిగానీ మరక కదల్లేదు.

చివరికి బిడ్డ పోరు పడలేక ఇమామ్ సాహెబ్ ఆమెను ఒక జాతరలో పళ్లు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ముందు పరిచిన గుడ్డమీద కట్టుడు పళ్లు, రెండు బంగారు తొడుగులు, ఒక సీసాలో తేజాబ్ అనే ఘాటైన ఆమ్లం ఉన్నాయి. ఆ తేజాబ్ పూస్తే ఎంతటి పళ్లయినా తెల్లబడతాయని జాతరంతా చెప్పుకునేది. ముసలాయన పిల్ల నోట్లోకి చూసి సీసా పక్కకు జరిపాడు.

"ఇది పూస్తే ఒక నెల మల్లెమొగ్గల్లెక్క ఉంటయి. రెండో నెలకు పెచ్చులు రాల్తయి. తొడుగులు ఒకటి రెండు పండ్లకు గని నోరంతటికి ఎట్లేస్తం? ఇది పైన పడ్డ మరక గాదు సాహెబ్, మీ నీళ్లు లోపల్నుంచి పెట్టింది. బిడ్డకు పెండ్లి చెయ్యి. మిస్సీ పెడ్తరు, పరేషాన్ తీరుతది."

మిస్సీ అంటే మాచికాయ, కరక్కాయ, అన్నభేది కలిపి నూరిన నల్లపొడి. తురకల ఇళ్లలో నిఖా నాడు పెళ్లికూతురి పళ్లకు రుద్దేవారు. పళ్లు నేరేడు పళ్లలా నిగనిగలాడేవి. కన్నెపిల్ల దాన్ని ముట్టకూడదు. మొగుడు పోయినామె కూడా ముట్టకూడదు. నల్లపూసలెంతో అదీ అంతే. తోటి పిల్లలు పెళ్లంటే వచ్చేవాడెలా ఉంటాడో అని కలలు కంటుంటే, మన రహీమాబీ మాత్రం నాలుగేళ్లపాటు మిస్సీ కోసమే కలలు కంది. మొగుడు దాని వెంట వచ్చే మనిషి, అంతే.

ఆ మొగుడు గద్వాల నుంచి వచ్చాడు. పేరు గౌస్ పాషా, ఎడ్లబండి తోలేవాడు. తల్లి హుసేన్‌బీ తనే పల్లె వెతుక్కుంటూ వచ్చి పిల్లనడిగింది. అంత దూరం నుంచి మా ఇల్లే ఎందుకని ఇమామ్ సాహెబ్ ఆశ్చర్యపోయాడుగానీ, వచ్చిన సంబంధాన్ని ఎందుకొచ్చావని ఎవరడుగుతారు? పెళ్లినాడు హుసేన్‌బీ తన చేత్తోనే కోడలికి మిస్సీ రుద్ది అద్దం ముందు పెట్టింది. అద్దంలో మరకల్లేవు. రహీమాబీ చెయ్యి దించి నవ్వింది, నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ తరువాత రెండేళ్లు ఆ ఇంట్లో నవ్వే నవ్వు. పగలంతా బండి తోలి వచ్చిన గౌస్ పాషా గడపలో కూర్చుని ఆమె నవ్వుతుంటే చూసేవాడు. ఒకనాడు మాత్రం, జర నెల దినాలు మిస్సీ పెట్టుకోకుంటే ఏమైతదని మెల్లగా అడిగాడు. రహీమాబీ మొహం మాడిపోయింది. గద్వాలలో కొత్తకోడళ్లు అప్పటికే మిస్సీ పాతకాలపు ముచ్చటని మానేసి, కృష్ణ నీళ్లు తాగి పెరిగిన తెల్లటి పళ్లతో తిరుగుతున్నారు. ఈయనకూ వాళ్లలాంటి పెళ్లాం కావాలనిపించిందని ఆమె అనుకుంది. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంతలో లడాయి వచ్చింది. గౌస్ పాషా నిజాం పల్టన్‌లో చేరి ఓడెక్కి మలయా పోయాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చాయి. జపానువాళ్లు ఆ దేశం పట్టుకున్నారన్న కబురు తెలిశాక ఉత్తరాలు ఆగిపోయాయి. బతికున్నాడని ఎవరూ చెప్పలేదు, పోయాడనీ చెప్పలేదు.

రహీమాబీ ఎదురుచూసింది. ఆ ఎదురుచూపును పెద్ద మాటల్లో చెప్పడం నాకిష్టం లేదు. ఆమెకు ఆ మనిషి కావాలి. బండి చప్పుడు వినబడితే కావాలి, రొట్టె కాలుస్తుంటే కావాలి, ఏదైనా నవ్వొచ్చే సంగతి జరిగితే అది చెప్పుకోవడానికి మరీ కావాలి. ప్రతి బేస్తవారం అత్త మిస్సీ నూరేది, కోడలు పెట్టుకునేది. ఆ నలుపు కోడలి పళ్లమీద ఉన్నంతకాలం కొడుకు ప్రాణాలతో ఉన్నట్టే అని హుసేన్‌బీ నమ్మకం. పక్కింటి ఎంకమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నాలుగేండ్లాయె, ఇంకెవరికోసం ఈ సింగారమని ఒకసారి అనేసింది. ఆనాటినుంచి హుసేన్‌బీ ఆమెను గడప తొక్కనివ్వలేదు.

లడాయి ముగిసిన మరుసటేడు జాఫర్ వచ్చాడు. నాగర్‌కర్నూల్ మనిషి, గౌస్ పాషాతోపాటు జపానువాళ్ల ఖైదులో ఉన్నవాడు. ఆ సమయానికి హుసేన్‌బీ తన కూతురి కాన్పుకని వనపర్తిలో ఉంది. అరుగుమీద తల వంచుకుని కూర్చుని, తలుపు చాటున నిలబడ్డ రహీమాబీకి జాఫర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. గౌస్ పాషా ఖైదులో జ్వరంతో పోయి రెండేళ్లయింది. జాఫరే ఒళ్లు కడిగి మట్టి చేశాడు.

తలుపు వెనకనుంచే, నా గురించి ఏమన్న అన్నడా అని రహీమాబీ అడిగింది.

"ఒక్కటే ముచ్చట మాటిమాటికి చెప్తుండె భాభీ. బండి తోలుకొని మీ ఊరి బాయికాడ ఆగిండంట. ఎద్దు నీ బిందెల మూతి పెడితే నువ్వు పకపక నవ్వినవంట, చెయ్యి అడ్డం పెట్టుడు మర్చిపోయి. ఆ పండ్లు చూసే అమ్మను మీ ఇంటికి తోలిండంట. 'పెండ్లినాడు నల్లగ రుద్దిన్రు జాఫర్, మల్ల నేను చూడనే లేదు. ఒకసారి అడిగితె దాని మొకం చిన్నబోయింది. ఇంటికి పోయినంక ఇంకొక్కసారి అడుగుత' అంటుండె."

మొగుడు తెల్లటి పళ్లు కోరుకుంటున్నాడని రహీమాబీ అన్నేళ్లూ లోలోపల కుమిలింది. ఆయన కోరుకున్నవి ఈ తుప్పు పళ్లే. ఒక్క మాట ఎందుకని ఎదురడిగి ఉంటే చెప్పేవాడు కదా, నెల కాదు, ఏడాది ఏడాదంతా చూపించి ఉండేది కదా అని ఏడ్చింది. ఆయన లేడన్న దుఃఖం ఒక ఎత్తు, ఆయనకు కావలసింది తన దగ్గరే ఉండీ ఇవ్వలేదన్న దుఃఖం ఒక ఎత్తు.

అమ్మకు నేను పోయి చెప్పాలా అని జాఫర్ అడిగాడు. వద్దంది. తనే చెప్పుకుంటానంది.

మూడు రోజులు నిమ్మచెక్కతో, ఉప్పుతో, బూడిదతో రుద్దింది. నలుపు పొరపొరగా పోయింది. వెనక దంతాలకు కాస్త మిగిలిందిగానీ ముందు పళ్లన్నీ బయటపడ్డాయి, చారలూ మచ్చలూ అన్నీ, బావి దగ్గర ఎలా ఉన్నాయో అలాగే. అద్దం తీసుకుని నవ్వడానికి చూసింది, రాలేదు. అయినా పెదాలు మూసుకోకుండా ఆ పళ్లను చాలాసేపు చూసుకుంది. ఆయన చూసిన చూపుతో చూడాలని ఆమె ఆరాటం.

నాలుగోనాడు పొద్దున హుసేన్‌బీ వనపర్తి నుంచి వచ్చింది. చంకలో మూట, మొహమంతా సంబరం. మనవడు పుట్టాడని చెప్పాలని వీధి మొదటినుంచే కోడలిని పిలుచుకుంటూ వచ్చింది. రహీమాబీ వాకిట్లోకి ఎదురువెళ్లింది. అలవాటుకొద్దీ చెయ్యి నోటిదాకా లేచింది. దాన్ని కిందికి దించింది.

"అత్తమ్మా" అని నోరారా పిలిచింది.

హుసేన్‌బీ ఆ పళ్ల వంక చూసింది. ఎవరు చెప్పారని గానీ ఎప్పుడని గానీ అడగలేదు. మూటను ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే కూలబడింది. మనవడు పుట్టాడన్న మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది.