మోగని సైరన్

2023. మదనపల్లెలో ఒక మందుల షాపు మేడ మీద మా ఆఫీసు. పల్లెల్లో పాలు చల్లబరిచే ట్యాంకులకు కంట్రోలర్ బోర్డులు తయారుచేస్తాం. ట్యాంకులో పాలు వేడెక్కితే సైరన్ మోగించాల్సింది ఆ బోర్డే. అందులో నడిచే కెర్నల్, అంటే అన్నిటికీ అడుగున ఉండి హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే ప్రోగ్రామ్, నా బాధ్యత.

మా బోర్డుల్లో పాతవాటికి ఒక ప్రాసెసర్, కొత్తవాటికి మరొకటి. ప్రాసెసర్ చేత ఏ పని చేయించాలన్నా దాని రిజిస్టర్లలో రాయాలి. రిజిస్టర్ అంటే చిప్ లోపలి చిన్న గడి. ఫలానా గడిలో ఒకటి రాస్తే సైరన్ మోగాలి, సున్నా రాస్తే ఆగాలి. కొత్త ప్రాసెసర్ వచ్చినప్పుడు ఎవరో పాత ఫైలును కాపీ కొట్టి, అక్కడక్కడా మార్చి రెండో ఫైలు పెట్టేశారు. ఇక అప్పటినుంచి దేని దారి దానిదే. ఆ రెంటినీ కలిపి ఒకే కోడ్ చెయ్యమని నాకు అప్పగించారు. మెచ్చుకునేవాళ్లుండని పని. అయినా నాకు ఇష్టం, ఎందుకంటే ఎవరూ వచ్చి సలహాలివ్వరు.

రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటే కొత్తదానిలో ఒక వరుస ఎక్కువ కనిపించింది. సైరన్ గడిలో రాశాక అదే గడిని తిరిగి చదువుతోంది. ఎందుకో రాసి లేదు. మాన్యువల్ తీశాను. రాసిన విలువ వెంటనే గడికి చేరదట, దారిలో కాసేపు ఆగుతుందట. తిరిగి చదివితేనే చేరినట్టు ఖాయం. ఈలోగా కరెంటు ఆదా కోసం చిప్‌లో ఆ భాగాన్ని ఆపేస్తే రాసింది గల్లంతే. పాత చిప్ మాన్యువల్‌లోనూ ఇదే హెచ్చరిక ఉంది. ఎవరో కొత్త ఫైలులో తప్పు దిద్దుకుని, పాతదాన్ని అలాగే వదిలేశారు.

వెంటనే ఆఫీసులో ఒక పాత జోకు గుర్తొచ్చింది. మా ఆఫీసులో ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే "ఏం, సైరన్ వినపడలేదా?" అని ఎగతాళి చేసేవాళ్లు. నేను చేరకముందు, చౌడేపల్లె దగ్గర ఒక పల్లెలో పాలకేంద్రం నడిపే మునెమ్మ మీద పుట్టిన జోకు అది. ఒక రోజు ట్యాంకును చల్లబరిచే కంప్రెసర్ ఆగిపోయి ఊరి పాలన్నీ విరిగిపోయాయి. సైరన్ మోగలేదని ఆమె మొత్తుకుంది. బోర్డు తాను చేసిన పనులు రాసుకునే లాగ్‌లో మాత్రం సైరన్ మోగినట్టే ఉంది. కేంద్రం వదిలేసి ఇంటికి పోయి పడుకుందన్నారు. ఆమెను తీసేశారు. ఆమెది పాత బోర్డే.

అలాంటి బోర్డునే బల్ల మీద పెట్టి మళ్లీ మళ్లీ నడిపాను. చాలాసార్లు సైరన్ మోగింది. ఒక్కోసారి మోగలేదు. మోగనప్పుడు కూడా లాగ్‌లో "సైరన్ ఆన్" అనే పడింది.

మేనేజర్‌కు చూపించాను. ఆయన నా ముఖం వంక చూడలేదు.

"కొత్త కోడ్‌లో సరిచేసినావు కదా? అన్ని బోర్డులకూ పంపించేయ్. పాత కథ తవ్వద్దు."

"మరి ఆమె సంగతేంది సార్?"

"ఆమె యిప్పుడు ఆడ లేదు కదప్పా."

ఒళ్లు మండింది. అప్‌డేట్ పంపి, మరునాడు సెలవు పెట్టి పుంగనూరు బస్సెక్కాను. అక్కడినుంచి మునెమ్మ పల్లెకు చేరి విచారిస్తే, ఆమె కుప్పంలో ఉందన్నారు, గ్రానైట్ రాళ్లు పాలిష్ పట్టే షెడ్డులో పనికి.

ఆదివారం కుప్పం వెళ్లాను. షెడ్డు వెనక రేకుల గదిలో ఉంటోంది. రాతి పొడి వెంట్రుకల దాకా పట్టేసింది. నేనెవరో చెప్పాను. జరిగింది చెప్పాను. సైరన్ నిజంగానే మోగలేదమ్మా, తప్పు మా బోర్డుది అన్నాను.

ఆమె ఏడవలేదు. కోప్పడనూ లేదు.

"నేను యాడికీ పోలేదప్పా. ఆ ట్యాంకు పక్కనే కూసోని క్యాన్లు కడుగుతా ఉండాను. సైరన్ మోగితే ఫోన్ సెయ్యి, లేకుంటే ట్యాంకు జోలికి పోవద్దని మీవోళ్లే సెప్పినారు. నేను పోలేదు."

"ఊరికొచ్చి అందరి ముందరా చెప్తానమ్మా."

"ఊరోళ్లను వదిలేయప్పా. మా ఇంటాయనే నమ్మలా. మిషన్ యాల అబద్ధం సెప్తాది, నువ్వే నిద్రపోయింటావు అనె. మంచాన పడి పోయేదాకా అదే మాట. పోయినేడు పాయె." చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడొచ్చి నాకు సెప్తాండావే, నాకు తెల్లేదా మోగలేదని? సెప్పాల్సింది ఆయనకప్పా. యాడికి పోయి సెప్తావు?"

ఆమె కాఫీ ఇచ్చింది. తాగాను. తర్వాత ఆ ఊరికీ వెళ్లాను, పాలు పోసేవాళ్లకు చెప్పాను. కొందరు తల ఊపారు, కొందరు పని చూసుకున్నారు.

ఇప్పుడు మా కోడ్‌లో రెండు ప్రాసెసర్లకూ ఒకటే పద్ధతి: రాయాలి, తిరిగి చదవాలి, చేరిందని తేలాకే లాగ్‌లో వేయాలి. ఆ తేలడం కూడా చిప్ వరకే. సైరన్ శబ్దం బయట వినపడిందో లేదో ఏ గడీ చెప్పలేదు. అది దాని పక్కన కూర్చున్న మనిషికే తెలుస్తుంది. అందుకే ఎక్కడినుంచి ఫిర్యాదు వచ్చినా, లాగ్ తెరవకముందే ఫోన్ చేసి, "అమ్మా, మీకేం వినపడింది?" అని అడుగుతున్నాను. మునెమ్మను ఆ మాట ఎవరూ అడగలేదు.