మూడు పొరలూ, నా లెక్కా

బతికున్నవాళ్లు చనిపోయారని ఆరు నెలలపాటు కాగితం మీద రాసి, ప్రతిసారీ కింద సంతకం పెట్టినవాణ్ణి నేను. ఆ పోయినవాళ్లు మనుషులు కారు, పెరుగు జాతి బ్యాక్టీరియా, కాబట్టి జైలుకు పోలేదు. అయినా ఆ సంతకాలు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పరదేశంలో, హామిల్టన్ అనే ఊళ్లో, పాల పదార్థాల మీద పరిశోధన చేసే ఒక చిన్న ల్యాబ్‌లో నా ఉద్యోగం. కడుపుకు మేలు చేసే బ్యాక్టీరియాను పొడిలో కలిపి డబ్బాలో పోస్తే, చాలావరకు షాపు అరల మీదే చచ్చిపోతాయి. మిగిలినవి మన కడుపులోని ఆమ్లాన్ని దాటి పేగు దాకా చేరవు. అందుకని వాటికో కవచం తొడగాలి. సముద్రపు నాచు నుంచి తీసిన జిగురులో వాటిని కలిపి, కాల్షియం నీళ్లలోకి బొట్లు బొట్లుగా వదిలితే, ప్రతి బొట్టూ గట్టిపడి సగ్గుబియ్యం గింజంత పూస అవుతుంది. ఒక్కో పూసలో లక్షల ప్రాణాలు. బూందీ దూసే పనే, కాకపోతే పక్కన నిలబడి చెయ్యి చాపేవాళ్లు ఉండరు.

నా కాంట్రాక్టు ఆ పూసలకే వేలాడుతోంది. జూలై ఆఖరుకల్లా అవి వెచ్చటి అలమరలో ఆరు నెలలు బతికి చూపిస్తే నాకు ఇంకో ఏడాది. లేదంటే ప్రాజెక్టు మూసేస్తారు. నేను మళ్లీ పాపటోయిటోయి అనే ఊరు వెళ్లి గోదాముల్లో పెట్టెలు ఎత్తాలి. ఈ దేశం వచ్చిన కొత్తలో ఏడాదిపాటు చేసిన పనే అది. నేను మరిచినా నా నడుము మరవలేదు.

మా సెక్షన్ పెద్ద హైదరాబాదు ఆయన. ఇక్కడ డైరెక్టరును కూడా పేరుపెట్టే పిలుస్తారు గానీ, ఆయన కనబడితే నా నోటికి ‘సార్’ తప్ప ఇంకోటి రాదు. ఆయన నన్ను డాక్టర్ సాబ్ అంటారు. నా పీహెచ్‌డీ మీద గౌరవంతో కాదు.

“ఏం డాక్టర్ సాబ్, ఈ వారం ఎంతమంది పోయిర్రు?”

“చాలామంది సార్.”

“అయ్యో పాపం. పూలదండ తెప్పియ్యమంటవా?”

లెక్కించే పద్ధతి ఆయన ఎప్పుడో మామూలు పొడుల కోసం రాసిన పత్రంలో ఉంది. ఉప్పునీళ్లలో వేసి పది నిమిషాలు ఊపు, పలుచన చేసి, బ్యాక్టీరియాకు మేత ఉన్న ప్లేటు మీద పరుచు, మూడు రోజుల తర్వాత మొలిచిన చుక్కలు లెక్కపెట్టు. చుక్కకొక ప్రాణం. నేను తు.చ. తప్పకుండా చేశాను. చుక్కలు తక్కువ వచ్చాయి. కవచం పలచగా ఉందనుకుని రెండో పొర వేశాను. ఇంకా తగ్గాయి. మూడో పొర వేశాను. ప్లేట్లు ఇంచుమించు బోడిగుండ్లయ్యాయి. పెరుగులో పుట్టినవి పెరగకపోతే పోనీ, పొర వేసినకొద్దీ తరిగిపోతున్నాయి.

ఊరి అంచున రోటోటూనాలో మా ఇంటి కిటికీలకు పొద్దున్నే లోపలివైపు నీళ్లు కారుతుంటాయి. ఒక శనివారం వాటిని పాత తువ్వాలుతో తుడుస్తూ మా ఆవిడ అడిగింది.

“ఏవండీ, ఇవాళ కూడా వాటి తద్దినానికేనా?”

“ఇంకొక్క పరీక్షే.”

“నేను పాలు తోడేసి ఒక దుప్పటి కప్పితే పొద్దుటికి నిక్షేపంగా ఉంటుంది. మీరు అంత చదువు చదివి మూడు దుప్పట్లు కప్పి మరీ చంపుతున్నారు.” కాసేపు తువ్వాలు పిండి, గొంతు తగ్గించింది. “ఇల్లు ఖాళీ చేయాలా వద్దా, అదొక్కటి ముందే చెప్పండి. పిల్ల స్కూల్లో చెప్పాలి.”

పొగమంచులో కారు నడుపుకుంటూ వెళ్లిపోయాను.

ఆ రోజు చేయాల్సింది ఉత్తుత్తి జీర్ణం. ఒక గొట్టంలో కడుపు ఆమ్లం లాంటి ద్రవం, తర్వాత పేగు రసం లాంటి ద్రవం, వాటిలో పూసలు. పక్కన పోలికకు ఉప్పునీళ్లలో కొన్ని పూసలు. ప్లేట్లు పరిచి వచ్చాను. మంగళవారం తీసి చూస్తే, ఉప్పునీళ్ల ప్లేటు మీద నాలుగు చుక్కలు, జీర్ణమైపోయిన ప్లేటు మీద తెల్లటి తివాచీ. కడుపులోకి పోయినవాటికంటే బయటికొచ్చినవే ఎక్కువ. ఎక్కడో పలుచన తప్పు చేశానని నన్నే తిట్టుకున్నాను. ఆ మధ్య అలవాటైన పని అది.

గొట్టాలు కడగడానికి సింకు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు కనబడింది. పేగు రసం గొట్టంలో పూసలు లేవు, కరిగిపోయి నీళ్లు మజ్జిగలా ఉన్నాయి. ఉప్పునీళ్ల గొట్టంలో పూసలు అడుగున చెక్కుచెదరకుండా కూర్చున్నాయి. పది నిమిషాల ఊపుడుకు వాటికి తల కూడా తిరగలేదు. లక్షమంది ఉన్న ఇంటి తలుపు తియ్యకుండా, ఇల్లొకటి కాబట్టి మనిషి ఒకడని ఇన్నాళ్లూ రాస్తూ వచ్చాను. కవచం ఎంత గట్టిపడితే నా లెక్కలో అంత మంది పోయారు. పొర వేసిందీ నేనే, పాట్లు పడిందీ నేనే, కలిపితే వచ్చిందీ నాదే.

అలమరలో ఆరు నెలలు నిండిన మొదటి విడత పూసలను పేగు రసంలాంటి ద్రవంలో పూర్తిగా కరిగేదాకా ఊపి, మళ్లీ ప్లేట్లు పరిచాను. మూడు రోజులు ఆగాలి. శుక్రవారం ప్లేట్లు నిండుగా ఉన్నాయి.

పెద్దాయన ఒక ప్లేటు వెలుతురుకెత్తి చాలాసేపు చూశారు.

“పత్రంల లేదని కరిగియ్యకుంటవా? బుర్ర కూడ నేనే రాసియ్యాల్నా?”

“తప్పు నాదే సార్.”

మీటింగులో మాత్రం “పద్ధతిలో లోపాన్ని మేం కనిపెట్టాం” అన్నారు. ఆ ‘మేం’లో నేనున్నానో లేదో ఎవరూ అడగలేదు. ప్రాజెక్టు నిలబడింది, నాకు ఇంకో ఏడాది దొరికింది. ఆ రోజు సంబరానికి బదులు నిద్ర వచ్చింది. మర్నాడంతా పాత నమోదుల మీద ఒక్కో గీత కొట్టి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వేస్తూ కూర్చున్నాను. చెరపకూడదు, దిద్దకూడదు, తప్పు కింద కనబడుతూ ఉండాలి. మా ల్యాబ్ నియమం అది.

ఇంకో నియమం కూడా ఉంది. కొత్త పద్ధతి పత్రం మీద ఆమోదం సంతకం పెట్టేవారు ఒకసారి దాన్ని స్వయంగా తమ చేత్తో చేయాలి, లెక్క తమ కంటితో పెట్టాలి. కొత్త పత్రం నేనే రాశాను. పరీక్షకు నమూనా ఎంచుకునేది రాసినవాడే కాబట్టి, అన్నిటికంటే ఆలస్యంగా కరిగే మూడు పొరల పూసలను ఎంచుకున్నాను. సంతకం పెట్టాల్సిన పెద్దాయన మధ్యాహ్నం దాకా నిలబడి ఊపారు. ప్లేటులో మూడు వందల చుక్కల వరకు లెక్కకు పనికొస్తుంది. పత్రంలో ఇంకొక్కసారి పదింతలు పలుచన చేయమని రాసి ఉంటే ముప్పైతో పోయేది. రాయలేదు. మూడు రోజుల తర్వాత ఆయన ముందు ఆరు ప్లేట్లు పెట్టాను, ఒక్కోటీ మూడు వందలకు కాస్త ఇటుగా.

ఆయన పెన్నుతో చుక్క చుక్కకూ గుర్తు పెడుతూ రెండో ప్లేటు చివరికి వచ్చినట్టున్నారు. అప్పుడే తలుపు తీసి మెల్లగా అడిగాను.

“సార్, టీ తాగుతారా?”

ఆయన పెన్ను గాలిలో ఆగింది. పెదవులు కదిలాయి గానీ అంకె బయటికి రాలేదు. తర్వాత ప్లేటు మీది గుర్తులన్నీ తుడిచి, మొదటి చుక్క దగ్గరికి వెళ్లారు.