భీమశంకరంగారి మూడో మూట

మా ఏలూరు భీమశంకరంగారికి ఒక్కటే పిచ్చి: వాడే వస్తువునూ, దాన్ని పరీక్షించే వస్తువునూ ఒకే మూటలో కట్టనివ్వరు.

వాళ్ళింటికి వెళితే ముందు చిన్న గ్లాసులో గుక్కెడు వస్తుంది. "ఇది పరీక్ష కాఫీ అండీ. పంచదార సరిపోయిందా?" సరిపోయిందంటేనే పెద్ద గ్లాసులో అసలుది. ఓసారి ఆ గుక్కెడే మర్యాద కాబోలనుకుని బస్సెక్కేశాను. జంగారెడ్డిగూడెం దాకా ఫోన్లే. "ఏవండీ, ఫలితం చెప్పకుండా వెళ్ళిపోతే ఎలాగండీ? అసలుది చల్లారిపోతోంది!" పూర్వం రాజుల భోజనం ముందుగా రుచి చూసే మనిషి ఉండేవాడని చదివాను. దానికి వేరే గ్లాసు పెట్టినవారిని మాత్రం ఈయన్నే చూశాను.

లెక్కల మాస్టారి పని మాని, చేపల చెరువులకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలో చేరాక, ఆ పిచ్చికి జీతం కూడా వచ్చింది. ప్రోగ్రాం ఒక మూట, దాన్ని పరీక్షించే టెస్టులు ఇంకో మూట. రైతుకు వెళ్ళేది మొదటిదే.

ఓసారి ఆయన సెలవులో ఉన్నప్పుడు ఎవరో రెండూ కలిపి పంపేశారు. పరీక్ష కోసం రాసిన "చెరువులో ఆక్సిజన్ పడిపోయింది" అనే మెసేజ్ కొల్లేరు రైతుల ఫోన్లన్నిటికీ వెళ్ళింది. వెంకట్రాజుగారనే రైతు సగం గడ్డం గీసుకున్న ముఖంతో చెరువు గట్టెక్కి, అక్కణ్ణుంచే ఫోన్ చేశారు.

"చేపలు బాగానే ఉన్నాయండీ. నాకే ఊపిరాడట్లేదు!"

ఆర్నెల్ల క్రితం ఇందుజ అనే అమ్మాయి కొత్తగా చేరింది. ఆమె రాసిన ప్రోగ్రాం టెస్టుల్లో నలభై ఒక్కసార్లు తప్పింది. ఉద్యోగం ఖాయం చెయ్యాలో వద్దో తేల్చడానికి తాడేపల్లిగూడెం ఆఫీసు నుంచి మేనేజర్ రవిశంకర్ వచ్చాడు. ఒకప్పుడు అతనూ భీమశంకరం మాస్టారి దగ్గరే పని నేర్చుకున్నాడు. నేను మాస్టారిని ఊరికే చూడ్డానికి వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాను.

ప్రోగ్రాం బాగుంది. "టెస్టుల మూట కూడా ఇవ్వండి మాస్టారూ," అన్నాడతను. ఇందుజ ముఖం పాలిపోయింది.

భీమశంకరంగారు ఇచ్చారు. ఇప్పుడు అన్ని టెస్టులూ పాసే.

"మరి అంతకుముందు తప్పినవాటి లెక్కలేవండీ?"

"అవి మూడో మూటండీ. మా ఇంట్లో ఉంటుంది."

"ఎవరికిస్తారు?"

"తప్పినవాళ్ళకే. ఇంకెవరికైనా ఎందుకండీ?" ఆ పూట ఇంటి నుంచి తెచ్చిన పెన్ డ్రైవ్ జేబులోంచి తీసి ఇందుజ చేతిలో పెట్టారు. "ముందు పేజీల్లో నా తప్పులున్నాయమ్మా, మొదటి ఏడాదివి. నూట పన్నెండు. చదివి నవ్వుకో."

ఆ పిల్ల అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. రవిశంకర్ మాత్రం పెన్ను తీసినవాడు తీసినట్టే ఆగిపోయాడు.

"మాస్టారూ... నావి కూడా దాచారా అండీ?"

"మీవి దీంట్లో పట్టలేదండీ. విడిగా పెద్ద మూట కట్టాను."

ఇందుజ ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం వెంటనే పడింది.