డర్బన్ టౌన్‌హాల్లో తూర్పు వెతుక్కున్నాం

మా మనవరాలు లలీ పెళ్లి డర్బన్‌లోని పెద్ద టౌన్‌హాల్లో అనగానే నాకు దిగులు పట్టుకుంది. ఈ దేశంలో తెల్లవాళ్లతో సమానంగా కిందటేడే మొదటిసారి ఓటు వేశాం; వాళ్లదే అనుకున్న ఆ హాల్లో మన ఇంటి పెళ్లి కూడా జరుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. లలీ భవనాలు గీసే చదువు చదివింది. మండపం ఎక్కడో కాగితం మీద తనే గీసింది. నాకా గీతలు అర్థం కావు, కళ్లారా చూస్తానని పట్టుబట్టాను.

నార్త్‌డేల్‌లోని మా ఇంటి నుంచి ఊళ్లోకి వచ్చి, ఏడున్నరకు డర్బన్ వెళ్లే టాక్సీ వ్యాను ఎక్కాం. మనిషికి పది రాండ్లు, గంట ప్రయాణం. ప్రతి మలుపులో “మెల్లగా నాయనా” అంటుంటే డ్రైవరు నవ్వాడు. “గోగో, నువ్వొచ్చి నడుపుతావా?” గోగో అంటే జులూలో అవ్వ.

హాల్లో రెండు వరసల ఎత్తైన స్తంభాలు, పైన కమాను కప్పు, చివర పెద్ద వేదిక. గుమ్మం దాటగానే చూపూ నడకా నేరుగా వేదిక మీదికే పోతాయి.

“మండపం అక్కడ అవ్వా, కరెక్ట్ సెంటర్. నేను డోర్ నుంచి స్ట్రెయిట్‌గా నడిచి వస్తా. బ్యూటిఫుల్ గదా?” అంది లలీ.

పొద్దుటి ఎండ కుడివైపు కిటికీల్లోంచి పడుతోంది. అంటే అటు తూర్పు. “ఒసే పిల్లా, జనం వైపు తిరిగి కూర్చుంటే మీ మొహాలు ఏ దిక్కుకే?”

లలీ కాగితం తిప్పి చూసింది. “సౌత్” అంది సన్నగా. “స్టేజీ చూసి గీసింది నేను. దిక్కు మర్చిపోయా.”

“తూర్పుకి తిరిగి కూర్చో.”

“అప్పుడు అందరికీ నా చెవి ఒకటే కనపడుద్ది అవ్వా!” నెలల తరబడి గీసుకున్న పిల్ల, కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పకుండా ఉండాల్సిందేమో అని నాకు భయమేసింది.

నేల తుడుస్తున్న జులూ పెద్దాయన ఆగి, సంగతేమిటో లలీని అడిగి తెలుసుకున్నాడు. “ఈ హాలు ఉపన్యాసాలకు కట్టారు గోగో. మా పెళ్లిళ్లలో జనం చుట్టూ ఉంటారు.”

లలీ హాలు నడిమధ్యకు వెళ్లి, తూర్పుకి తిరిగి, నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “మండపం ఇక్కడ. కుర్చీలు నాలుగు పక్కలా. నా నడక సగమే, పోనీలే. తిరిగి చూడవ్వా.”

చుట్టూ తిరిగాను. “వెనకవాళ్లకి జడే కనపడుద్ది.”

“పూలు పెట్టుకుంటా గదా!”

“హోమం నిప్పు చెక్కనేల మీద పడితేనో?”

“ఇసుక పోసి రేకు పెడతా. ఊరుకో అవ్వా!”

కొందరు పైన కూర్చుంటే మిగతావాళ్లు కిందనుంచి చూడాలని కట్టిన హాలు అది. గోడ కదపలేదు, స్తంభం ముట్టలేదు. పెళ్లిని నేల మీదికి దించుకుంటే అదే హాలు మన వాకిలంత దగ్గరగా అనిపించింది. వాన వస్తుందేమో, పురోహితుడికి దారి తెలుస్తుందో లేదో అని నాకింకా దిగులే, కానీ పిల్ల పీటల మీద ఎటు తిరిగి కూర్చుంటుందన్న బెంగ తీరింది. మీరూ పెళ్లికి హాలు చూడబోతే ఎండ ఉన్న రోజు, పొద్దున తొమ్మిదిలోపే వెళ్లండి. తూర్పు ఎటో చూసుకున్నాకే మండపం గీయించండి.