కుండలో తేర్చిన స్ట్రెప్టోమైసిన్

1961. నిర్మల్ ప్రభుత్వ ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుగా కుదురుకుంటున్న రోజులు. క్షయ రోగులకు వేరే వార్డంటూ ఉండేది కాదు. వెనక వరండా చివర ఒక తడిక అడ్డం పెట్టి, అదే టీబీ గది అనేవాళ్లం. పొద్దున్నే స్టెరిలైజర్‌లో, అంటే సూదులూ గాజు సిరంజీలూ ఉడకబెట్టే గిన్నెలో, నీళ్లు మరగడంతో నా పని మొదలయ్యేది. ఆ తర్వాత వరసగా స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు. వయల్ అనే చిన్న సీసాలో తెల్లటి పొడి ఉంటుంది. రబ్బరు మూతలోంచి డిస్టిల్డ్ వాటర్ ఎక్కించి, పొడి కరిగేదాకా ఊపి, కండలో వేయాలి. దానికి తోడు గుప్పెడు మాత్రలు. ఇదంతా నెలల తరబడి సాగాలి. ఆ 'నెలల తరబడి' అన్న మాట దగ్గరే మా ప్రాణం విసిగిపోయేది.

ఎందుకంటే దగ్గు తగ్గి, నాలుగు ముద్దలు లోపలికి పోయాయంటే చాలు, మనిషి మళ్లీ కనబడడు. ఊపిరితిత్తుల్లో చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకు అలవాటుపడి మళ్లీ లేస్తాయని, అప్పుడు అదే సూది ఎన్నిసార్లు పొడిచినా లాభం ఉండదని చెప్పీ చెప్పీ నా గొంతు పోయేది. వాళ్లు శ్రద్ధగా వినేవాళ్లు, తల ఊపేవాళ్లు, మర్నాటి నుంచి రావడం మానేసేవాళ్లు.

లింబాద్రి అలా మానేసిన వాళ్లలో ఒకడు. కాని అతను మానేసిన తీరు వేరు. బొమ్మలు చేసే ఇంటివాడు, నలభై దాటిన మనిషి. పొనికి అనే తేలిక చెక్కను చెక్కి, తెల్లమట్టి పూసి, రంగులు వేసే పనిలో పెద్ద చెయ్యి. బొమ్మకు కన్ను గీయాలంటే బొమ్మలు కొనే షావుకార్లు అతని దగ్గరికే పంపేవారు. నెత్తురు కక్కుకుంటూ భార్య లచ్చవ్వ భుజం పట్టుకుని వచ్చాడు. నెల తిరిగేసరికి జ్వరం పోయింది, బుగ్గల్లో కాస్త కండ వచ్చింది. అప్పుడు మొదలుపెట్టాడు.

"రోజు గీ నీళ్లసూది ఎందుకు డాక్టర్ సాబ్? దగ్గు తగ్గింది గద."

మా డాక్టరుగారు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాయన. మంచివారే, కాని ఎవరికైనా పాఠం చెప్పకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. "నీళ్లు కాదయ్యా. మట్టిలోంచి పుట్టిన మందు" అన్నారు.

అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేదు. వరండా కింద పూలమొక్క మొదట్లోంచి పిడికెడు మట్టి తెచ్చి లింబాద్రి ముక్కు దగ్గర పెట్టారు. "తొలకరి పడ్డప్పుడు మట్టి వాసన వస్తుంది చూడు, ఆ వాసన పుట్టించేవి కంటికి కనిపించని ఒక రకం బాక్టీరియా. దారప్పోగుల్లా అల్లుకుని బతుకుతాయి. వాటిలో ఒక జాతి చుట్టుపక్కల క్రిముల్ని చంపే రసం తయారుచేస్తుంది. అలాంటి రసాన్నే యాంటీబయాటిక్ అంటాం. నీకు వేసే మందు అదే."

"ఏ మట్టి సార్? నల్లదా, ఎర్రదా?" అని అడిగాడు లింబాద్రి.

రోగికి ఇంత ఆసక్తి కలిగినందుకు డాక్టరుగారు మురిసిపోయి, "ఏ మట్టిలోనైనా ఉంటాయి" అన్నారు. సిరంజీలు కడుగుతున్న నాకు ఆ ప్రశ్న ఏమాత్రం నచ్చలేదు. మట్టి రంగుతో ఇతనికేం పని?

ఆ వారంలోనే లింబాద్రి రావడం ఆగిపోయింది. కబురు పంపితే వస్తానన్నాడు, రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ దిగాక అతని వయల్, సిరంజీ సంచిలో వేసుకుని, ఎండలో తిట్టుకుంటూ నేనే వాళ్లింటికి పోయాను.

వాకిట్లో మూడు కుండలు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో నల్లమట్టి నీళ్లు, రెండోదాంట్లో కాస్త పలచన, మూడోదాంట్లో దాదాపు తేటనీళ్లు. మూడో కుండ మూతికి పలచటి మల్లు గుడ్డ కట్టి ఉంది. బొమ్మలకు పూసే తెల్లమట్టిని వీళ్లు ఇలాగే కడుగుతారు. నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకు దిగాక పైనీళ్లు వంచి, మళ్లీ తేర్చి, మెత్తటిది మాత్రం పట్టుకుంటారు. పక్కనే లింబాద్రి గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏందన్నా గిది?" అన్నాను.

"మందు" అన్నాడు. "పొద్దుగాల ఒక గిలాస, పొద్దుమీకి ఒక గిలాస. మీరు పెద్ద పీపాలల్ల కడుగుతరు, నేను కుండల కడుగుతున్న. గంతే ఫరక్."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిచ్చివాడు మాట్లాడితే నవ్వి ఊరుకోవచ్చు. ఇతను సగం నిజం పట్టుకుని మాట్లాడుతున్నాడు, దానికేం చేయాలి? అక్కడే గడపలో కూర్చుని నాకు తెలిసినదంతా చెప్పాను. మట్టిలో ఆ క్రిములున్న మాట నిజమే. కాని అవి ఎప్పుడూ మందు చేస్తూ కూర్చోవు. తిండి ఉన్నంతకాలం పోగులు చాచుకుని పెరుగుతాయి. తిండి అయిపోయినప్పుడు స్పోర్లు, అంటే గింజల్లాంటివి, కట్టే పనిలో పడతాయి. అందుకోసం తమ పాత పోగుల్నే కరిగించుకుంటాయి. ఆ కరిగినదాన్ని మింగడానికి పక్క క్రిములు ఎగబడతాయి కాబట్టి, వాటిని దగ్గరికి రానీయకుండా సరిగ్గా అప్పుడే విషం వదులుతాయని శాస్త్రజ్ఞులంటారు. అసలు కారణం అదేనా అన్నది తేలలేదని తర్వాత చదివాను. ఏదైతేనేం, మట్టిలో అది చేసే మందు వెతికినా దొరకనంత తక్కువ. అందుకే వేల రకాల్లోంచి ఒక్కదాన్ని ఏరి, పెద్ద పెద్ద తొట్లలో చక్కెరా పిండీ మేపి, అది వదిలిన రసాన్ని శుద్ధి చేసి పొడి చేస్తారు.

"అన్నా, నువ్వు తాగేది ఒట్టి బురదనీళ్లు. అండ్ల మందు లేదు, రోగాలున్నయి."

"మెత్తగ తేరినంక మిగిలేదే అసలు సరుకు సిస్టరమ్మా. మా పనిల గంతే" అన్నాడు.

ముందుగానే వయల్లో నీళ్లు కలిపి సిద్ధం చేశాను, మొహమాటానికైనా వేయించుకుంటాడేమోనని. అతను కదల్లేదు. కరిగించిన మందు దాచిపెట్టడానికి ఆ రోజుల్లో మా దగ్గర ఏ సౌకర్యమూ లేదు. నేను తల పట్టుకుని కూర్చుంటే లచ్చవ్వ పొయ్యి దగ్గర పాలు చల్లార్చి తోడేయబోతోంది. అప్పుడు తట్టింది నాకు. పాలను పెరుగు చేసేవీ క్రిములే కదా.

"లచ్చవ్వా, జర ఆగు. పాలను పెరుగు చేసేది గూడ పురుగే. రెండు గిన్నెలల్ల వేరువేరుగ తోడెయ్యి."

ఒక గిన్నెలో లింబాద్రి మూడో కుండ నీళ్లు రెండు చెంచాలు పోశాను. రెండో గిన్నెలో నా వయల్లోని మందంతా పోశాను. రెండింటికీ సమంగా తోడు వేయించి, మూతలు పెట్టించాను. లచ్చవ్వ నా మొహంకేసి వింతగా చూసింది. పాలు పాడుచేస్తున్నందుకు కోపం వచ్చినట్టే ఉంది, కాని గవర్నమెంటు నర్సుని ఏమీ అనలేకపోయింది.

మర్నాడు పొద్దున ఇంకో వయల్ తీసుకుని వెళ్లాను. మట్టినీళ్లు పోసిన గిన్నెలో పెరుగు గడ్డలా పేరుకుని ఉంది. రెండో గిన్నెను లచ్చవ్వ వంచి చూసింది. పాలు పాలలాగే అటూ ఇటూ జారాయి.

"తోడు తక్కువేసినవ్" అన్నాడు లింబాద్రి.

"రెండింట్ల ఒక్క చెంచనే ఏసిన. నీ కండ్ల ముంగటనే గద" అంది లచ్చవ్వ. పెరుగు గిన్నె అతని ముందు పెట్టింది. "నీ మందు గీ పాలల్లున్న పురుగునే ఆపలే. నీ పెయ్యిల ఉన్నదాన్ని ఏం ఆపుతది?"

ఇంత పాఠం చెప్పిన డాక్టరుగారికి గాని, గొంతు చించుకున్న నాకు గాని రాని మాట అది.  లచ్చవ్వ లేచి మూడు కుండలూ ఒకదాని తర్వాత ఒకటి వాకిట్లో కుమ్మరించి, "లెవ్వు. సూది ఏయించుకో" అంది.

లింబాద్రి లేచాడు. లేచినవాడు లేచినట్టే పక్కకు ఒరిగి దర్వాజ పట్టుకున్నాడు. పట్టుకోకపోతే పడేవాడే. నేను సిరంజీ పక్కన పెట్టేశాను.

"ఎన్ని రోజులసంది గిట్ల?"

"ఏం లేదు. ఎండకు."

"ఎండ ఇంకా ఎక్కనే లేదు లింబాద్రన్నా. ఎన్ని రోజులసంది?"

అతను లచ్చవ్వ వైపు చూశాడు. ఆమెకూ తెలియదని ఆ చూపులోనే అర్థమైంది. అప్పుడు చెప్పాడు. సూది మొదలైన కొన్నాళ్లకే తల తిరగడం మొదలైందట. తల ఇటు తిప్పితే చూసేదంతా కదులుతుందట. కుంచె పట్టుకుని బొమ్మకు కన్ను గీయబోతే గీత పక్కకు పోతుందట. "మందు మట్టిదే అన్నరు గద. సూదిల తేజ్ ఉన్నది, మట్టిల మెత్తగుంటది, గదే తీసుకుంట అనుకున్న."

స్ట్రెప్టోమైసిన్‌కు ఆ దుర్గుణం ఉంది. కొందరిలో లోచెవిని, మనిషిని తూలకుండా నిలబెట్టే భాగాన్ని, దెబ్బతీస్తుంది. అందుకే సూది వేసే ముందు నేను రోజూ అడిగేదాన్ని, ఏమన్నా తక్లీఫ్ ఉన్నదా అని. రోజూ ఒకటే జవాబు, ఏం లేదు అని. అతన్ని పట్టుకుని కుదిపేయాలన్నంత కోపం వచ్చింది.

"రోజు అడిగిన గదనే నిన్ను. నోరు తెరిచి ఒక్క ముచ్చట చెప్తే ఏం పోతుండె?"

"పని పోతుండె" అన్నాడు.

అంతే చెప్పాడు. ఆసుపత్రి వరండాలో అందరూ వింటారు. లింబాద్రికి చెయ్యి ఆగుతలేదని షావుకారు చెవిన పడితే కన్నుగీత పని ఇంకొకరికి పోతుంది. ఆ పని పోతే ఆ ఇంట్లో పొయ్యి లేవదు. ఊపిరి పోయినా సరే, ఆ సంగతి మాత్రం బయటపడకూడదనుకున్నాడు.

ఆ రోజు సూది వేయలేదు. డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోతే ఆయన మొదట లింబాద్రిని తిట్టి, తర్వాత స్ట్రెప్టోమైసిన్ ఆపేసి మాత్రలు మాత్రం రాశారు. ఆ మాత్రలు వాంతి తెప్పించే రకం. ఒక్కపూట మానినా సిస్టరమ్మ వచ్చి మళ్లీ గొడవ చేస్తుందని లచ్చవ్వ బెదిరించి మింగించేది. ఏడాది దాటాక కఫంలో క్రిములు లేవని తేలింది. లింబాద్రి బతికాడు. కూర్చుని, వెలుతురులో, వీపు గోడకు ఆనించుకుంటే గీత మునుపటిలాగే వచ్చేది. చీకటి పడ్డాక నడక మాత్రం ఎన్నటికీ సరికాలేదు.

ఆ మరుసటేడు ఎండాకాలంలో లచ్చవ్వ ఆసుపత్రికి వచ్చింది, కోపంతో మండిపోతూ. "గల్లీల అందరు గీయన కల్లు తాగుతున్నడంటున్నరు సిస్టరమ్మా. పొద్దుమీకి గోడ పట్టుకొని వస్తుండు గద. జన్మల కల్లు ముట్టని మనిషి. తాగుతలేనని ఒక్కసారన్న చెప్పమంటే నోరు తెరుస్తలేడు."

బయట మెట్ల మీద కూర్చున్న లింబాద్రిని పిలిచి అడిగాను, ఈ నింద ఎందుకు మోస్తున్నావని.

"తాగుబోతుకు పనిస్తరు సిస్టరమ్మా" అన్నాడు తాపీగా. "తల తిరిగేటోనికి ఇయ్యరు."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ రోజంతా చిరాకుగానే తిరిగాను. అప్పట్నుంచి నేను రిటైరయ్యేదాకా, ఏ టీబీ రోగి వచ్చినా ముందు పక్కకు తీసుకుపోయి నువ్వేం పని చేస్తావని అడిగేదాన్ని. దగ్గు గురించి ఆ తర్వాత అడిగేదాన్ని.