ఎర్రరంగు వేసిన మా మావ ఊరు

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది (ఇప్పుడూ దిగలేదు, కాస్త సర్దుకుని కూర్చుంది, అంతే). టెక్కలిలో మా ఆఫీసు పనల్లా ఏ ఊళ్లో కరెంటు ఎంత వాడుతున్నారో, ఎక్కడ చాలడం లేదో మ్యాపుల మీద చూపించడం. కరెంటు చాలిన ఊళ్లకు ఆకుపచ్చ, చాలని ఊళ్లకు ఎరుపు వేశాను. పలాస చుట్టూ అంతా పచ్చగా ఉంటే, ఉద్దానం తీరాన మా మేనమామ ఊరు నిప్పులా ఎర్రగా ఉంది. ఎర్ర ఊళ్లకు ముందుగా ట్రాన్స్‌ఫార్మర్లు ఇవ్వాలి. మ్యాపు చూసి ఊళ్లను ఎంచేది మా పెద్దసారు.

ఆయన చూసి, "బాగుందయ్యా, అన్ని ఊళ్లూ సమానంగా ఉన్నాయి" అని సంతకం పెట్టేశాడు. ఎరుపు ముదురు చేసి మళ్లీ ఇచ్చాను. "ఇంకా బాగుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే మావ ఫోను.

"ఏటిరా అల్లుడా, ఆఫీసులో కూకుని ఏటి సేత్తన్నావు? కరెంటు లేక ఐసుపెట్లో సేపలు కుళ్లిపోతన్నాయి. మీ అత్త నన్ను తిడతంది, నాను నిన్ను తిడతన్నాను. నువ్వెవుల్ని తిడతావో తిట్టు!"

నేను తిట్టాల్సినవాడు నా సెలవు చీటీ మీద కూడా సంతకం పెట్టేవాడు. అందుకని బాత్రూములో కుళాయి తిప్పి తిట్టేవాణ్ణి.

ఒకరోజు నందిగాం దగ్గర జీడితోట చూసి పెద్దసారు జీపు ఆపించాడు. "ఎర్రపండు కోయండి సార్" అన్నాను. ఆయన చెట్టంతా వెతికి పచ్చికాయ కోసి కసుక్కున కొరికాడు. వగరుకి మూతి ముడుచుకుపోయింది. "నువ్వు చెప్పినట్టు ఎర్రదే కోశాను కదయ్యా!" అని నా మీదే విరుచుకుపడ్డాడు. ఆయనకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయని అప్పటికి గానీ నాకు తెలియలేదు.

మర్నాడు రంగులన్నీ తీసేసి, కరెంటు చాలని ఊళ్ల మీద దట్టంగా నల్లగీతలు కొట్టి ఇచ్చాను. చూడగానే ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "ఇంత అన్యాయం జరుగుతుంటే ఇన్నాళ్లూ ఒక్కడూ చెప్పలేదేం?"

మావ ఊరికి ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. నా కోపం మాత్రం పోలేదు. "నాకు రంగులు తెలియవయ్యా" అంటే ఆయన సొమ్మేం పోయేది? ఆయన పరువు నిలబడటానికి ఊరంతా చీకట్లో కూర్చోవాలా?

ఇప్పుడు మ్యాపుల మీద సంతకం పెట్టేది నేనే. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మ్యాపు తెచ్చి, "అక్షరాలు మరీ చిన్నవయ్యాయా సార్?" అంది. నాకు ఒక్క ఊరి పేరూ ఆనలేదు. కళ్లజోడు సొరుగులో ఉంది. అది పెట్టుకుంటే ముసలాణ్ణనుకుంటుందని, "బాగుందమ్మా, అంతా స్పష్టంగా ఉంది" అని పెన్ను తీశాను. ఎందుకో నోరంతా పచ్చి జీడిపండు కొరికినట్టు వగరెక్కింది. నాలో నేనే నవ్వుకుని సొరుగు లాగాను.