పాఠంలో తెరిచిన తలుపు

మొన్న అటక మీది ట్రంకుపెట్టె దించి దులుపుతుంటే మా మనవరాలి చేతికి ఒక పుస్తకం దొరికింది. శేరిగూడ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది అది. దొరికింది యాభై ఏళ్ల కింద ఇథియోపియాలో అచ్చయిన నా ఇంగ్లీషు వాచకం. అట్ట మీద నా పేరు చూసి మురిసిపోయి, చివరి పాఠం నిలబడే చదివేసి, కళ్లు తుడుచుకుని, దీన్ని మళ్లీ అచ్చు వేయించాల్సిందేనంది. నేను మందులేసుకునే వేళయిందని లోపలికి పోయాను. నిజానికి అప్పటికే వేసేసుకున్నాను.

ఆ రోజుల్లో మన పంతుళ్లు చాలామంది ఆ దేశం వెళ్లేవాళ్లని నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా ఆయన లెక్కలకు, నేను ఇంగ్లీషుకు, కొండల్లో ఒక చిన్న ఊరి బడికి పోయాం. బడికి వచ్చే వాచకాల నిండా మంచు, రైళ్లు, సముద్రపు ఒడ్డు. మా పిల్లలు వాటిలో ఒక్కటీ ఎరగరు. అందుకని సంత, గాడిదలు, కాఫీ గింజలు వేయించడం, ఇలా వాళ్లకు తెలిసినవే పెట్టి పాఠాలు రాసి, చేతులకూ చీరకూ సిరా పులుముకుని సైక్లోస్టైల్ తీసేదాన్ని. రాజధానిలో ఒక అచ్చాఫీసు వాళ్లు పుస్తకంగా వేస్తామని రెండేళ్లు తిప్పారు. సెలవులు రాగానే రోజంతా బస్సులో కూర్చుని పోయి ప్రూఫులు దిద్ది వచ్చేదాన్ని. తీరా అంతా అయిందనుకున్నాక అక్కడి పెద్దమనిషి, ఇంకొక్క పాఠం కావాలి, మీ చిన్నతనంలోదై ఉండాలి, పిల్లలకు ధైర్యం నేర్పాలి, చివర ప్రశ్నలూ పుస్తకం వెనక జవాబులూ ఉండాలి అన్నాడు. ధైర్యం అనగానే నాకు గుర్తొచ్చింది ఒకే ఒక్కటి. అది నాది కాదు.

ఇబ్రహీంపట్నంలో మా వెనక వాడలో ఉర్దూ బడి సారు భార్య ఉండేది. అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. ఆడపిల్లకు బడెందుకని మా బాపు అంటే, ఆమె నన్ను తన వసారాలో కూర్చోబెట్టుకుని పలక మీద ఏబీసీడీలు దిద్దించింది. సంఘంలో తిరుగుతున్నాడని రజాకార్లు బాపును వెతుక్కుంటూ వచ్చిన రోజు అమ్మనూ నన్నూ తన ఇంట్లో దాచి, లోపల తన చుట్టాలు తప్ప ఎవరూ లేరని వాళ్ల మొహం మీదే చెప్పింది కూడా ఆమెనే.

తర్వాత పోలీసు చర్య జరిగింది. మిలిటరీ వచ్చిందని ఊరంతా సంబరపడింది, ఆ సంబరంలోనే కొందరు కర్రలు పట్టుకుని ఏ పాపం ఎరగని ముస్లింల ఇళ్ల మీదికి పోయారు. సారు అప్పుడు పట్నంలో ఉన్నాడు. ఆ మధ్యాహ్నం అమ్మా బాపూ చేనులో ఉన్నారు. ఎవరొచ్చినా గడియ తీయొద్దని అమ్మ నాకు చెప్పి పోయింది. కాసేపటికి తలుపు చప్పుడైంది.

"బిడ్డా, నేను. జర తలుపు తియ్."

తలుపు సందులోంచి ఆపా బుర్ఖా, ఆమె చంకలోని పిల్లాడి పాదం కనిపించాయి. నా చెయ్యి గడియ మీదే ఉంది. అమ్మ వద్దన్నదని తీయలేదనుకునేరు, అది కాదు; మా ఇంటి మీదికి కూడా వస్తారని భయపడ్డాను. పదేళ్ల పిల్లవు, నీకేం తెలుసని మీరనొచ్చు. అన్నీ తెలుసు. ఆమె మూడుసార్లు పిలిచి ఊరుకుంది. అంతలో పక్కింటి గడియ తీసిన చప్పుడు వినిపించింది. ఆ ఇంటివాళ్లు చెరువులో వలలేసి బతికేవాళ్లు. ఆ ఇంటి పెద్దమ్మ, ఎవరని కూడా అడగకుండా, "లోపటికి రా అక్కా, ఆడ నిలబడకు" అంది.

ఆపా నాలుగు రోజులు వాళ్ల వలల గదిలో ఉంది. ఆ నాలుగు రోజులూ నేను ఆ గుమ్మం వైపు పోలేదు. అయిదో రోజు బండిలో వలల కింద దాచి తల్లీకొడుకులను జల్‌పల్లిలో వాళ్ల చుట్టాలింటికి చేర్చారు. పోయేటప్పుడు తన ఇంగ్లీషు పుస్తకం పెద్దమ్మ చేతికిచ్చి నాకివ్వమందట, చదువు బందు పెట్టొద్దని చెప్పమందట. ఆ పుస్తకంతోనే నేను పంతులమ్మనయ్యాను.

కొండల్లోని ఆ ఊళ్లో కూర్చుని ఇదంతా ఉన్నదున్నట్టు రాద్దామనే మొదలుపెట్టాను. నేను తీయలేదని రాయడానికి చెయ్యి రాలేదు సరే, పెద్దమ్మ తీసిందనైనా రాయొచ్చు కదా. అదీ రాయలేదు. తలుపు తీసిన పిల్ల నేనే అయిపోయాను. మూడో ప్రశ్న, తలుపు ఎవరు తీశారు? పుస్తకం వెనక జవాబు, రచయిత్రి. మా ఆయన గర్వపడి ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చదివి వినిపించేవాడు. నేను కాఫీలు అందిస్తూ నవ్వేదాన్ని, సిగ్గు లేకుండా.

పైగా సెలవులకు వచ్చినప్పుడు పుస్తకం పట్టుకుని పెద్దమ్మ దగ్గరికే పోయాను. గొప్ప చూపించుకోవడానికే అయి ఉంటుంది. వల బాగు చేసుకుంటున్న మనిషి చేతులు కొంగుకు తుడుచుకుని ఆ పాఠంలోని బొమ్మను చాలాసేపు చూసింది. బుర్ఖా మనిషి మీద వేలు పెట్టి, మన ఆపా లెక్కనే ఉన్నదంది. తర్వాత వేలు జరిపింది.

"గీ పిల్ల ఎవరు బిడ్డా?"

కథల పిల్ల అన్నాను. మంచి పిల్ల అని పుస్తకం నా చేతికిచ్చి మళ్లీ వల అందుకుంది. ఆమెకు తెలిసిందో లేదో. తెలిసినా అనే మనిషి కాదు.

నిన్న మనవరాలిని కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. అది కాసేపు నా మొహం చూడలేదు. పుస్తకం మళ్లీ వేస్తే పాఠం మార్చి వెయ్యి, జవాబులో పెద్దమ్మ పేరు పెట్టు అన్నాను. అది పెన్ను తీసి, "పెద్దమ్మ పేరేంది అమ్మమ్మా?" అంది. నాకు తెలియదు. చిన్నప్పటినుంచీ పిలిచాను, ఆమె చేతి చేపల పులుసు తిన్నాను, పేరు ఏనాడూ అడగలేదు. ఆపా పేరూ తెలియదు. వాళ్ల ఇళ్లున్న చోట ఇప్పుడు దుకాణాలున్నాయి, అడుగుదామంటే ఎవరూ లేరు.

అప్పుడు వాడలో ఎవరి పేరుతోనూ పని ఉండేది కాదు, వరస పెట్టి పిలిస్తే తలుపు తీసేవాళ్లు, నేను తప్ప. ఇప్పుడు మా వీధిలో గేటు గేటుకూ పేరు రాసి ఉంది, గంట ఉంది, ఎవరొచ్చారో లోపలినుంచే చూసే కెమెరా ఉంది. ఆ కెమెరా బొమ్మలో మనిషిని చూసి కూడా తలుపు తీయని వాళ్లను చూస్తే నాకు కోపం రాదు, నేనే గుర్తొస్తాను. పుస్తకం ఇప్పుడు నా మంచం పక్కనే ఉంది. మూడో ప్రశ్న జవాబులో నన్ను కొట్టేశాను. ఆ చోట రాయడానికి పేరు లేదు.